పసరు పెట్టని పుస్తకం

మా అత్తయ్య పుస్తకం చదువుతుంటే చప్పుడయ్యేది. నోటితో చదివినందువల్ల కాదు. ఎండిన తాటాకు మీద వేలికొస జరుగుతుంటే వచ్చే చప్పుడు అది. మధ్యాహ్నం భోజనాలయి, అంట్లు కడగడం పూర్తయి, ఇల్లు కాస్త సద్దుమణిగాక పెరటి వసారాలోంచి సన్నగా వినపడేది. చిన్నతనమంతా ఆ చప్పుడు వింటూనే మధ్యాహ్నపు నిద్రలు పోయాను. దాన్ని ఆపినవాణ్ణి కూడా నేనే. ఎవరో చేసి నా మీద పెట్టింది కాదు, దేవుడు చేసిందీ కాదు. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

నేను పుస్తకాలకు నకళ్లు రాసి బతికినవాణ్ణి. నిన్ను మలచిన పుస్తకమేదని ఎవరైనా అడిగితే పెద్ద పెద్ద గ్రంథాల పేర్లు వరసపెట్టి చెప్పవచ్చు, వినేవాళ్లు గౌరవంగా తల ఊపుతారు. కాని అది అబద్ధం. ఆ గ్రంథాలు నా చేతి కిందుగా వెళ్లిపోయాయి, అంతే. నన్ను పట్టుకుని వదలని పుస్తకం ఒక్కటే ఉంది. దానికి పేరు లేదు, రాసినాయన తన పేరు రాసుకోలేదు, మొదట్లో దేవతాస్తుతి కూడా లేదు. మా ఇంట్లో దాన్ని పసరు పెట్టని పుస్తకం అనేవాళ్లం.

మాది రాజోలుకు దిగువన, వశిష్ఠ గోదావరి గట్టుకు దగ్గర్లో ఒక చిన్న అగ్రహారం. మా నాన్నగారు వేదం చెప్పుకున్నవారు. ఆయనకి పుస్తకాలంటే చులకన. నోటికి రాని చదువు చదువే కాదనేవారు. తాటాకుల మీద ఉన్నది తాటాకుల సొత్తే తప్ప మనిషి సొత్తు కాదని ఎకసెక్కాలాడేవారు. తాతయ్య అంటే ఆయన తండ్రిగారు, ఆ మాటకి నవ్వి ఊరుకునేవారు. తాతయ్య పని నకళ్లు రాయడం. తాటిపాక నుంచీ, కొత్తపేట నుంచీ, అమలాపురం అవతలి ఊళ్ల నుంచీ కూడా పొడి రాలిపోతున్న పుస్తకాలు గుడ్డలో చుట్టి పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టేవారు. ఆయన వాటిని కొత్త ఆకులకు ఎక్కించి ఇచ్చేవారు. నకలు సరిచూసుకోవడం అయ్యాక పాతదాన్ని గోదాట్లో కలిపేవారు. కొడుకుది నోటి చదువు, తండ్రిది చేతి చదువు. నేను చేతి దారి పట్టాను.

తాటాకు మీద రాయడం చూడనివాళ్లు ఇప్పుడు ఎక్కువైపోయారు కాబట్టి ఒక ముక్క చెప్పాలి. ఘంటంతో రాస్తే పడేది సిరా కాదు, గీత. ఇనప మొన ఆకును చిల్లి పడకుండా గీసుకుంటూ పోతుంది. రాయడం పూర్తయినా ఆకు మీద ఏమీ లేనట్టే ఉంటుంది. వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూస్తే తప్ప అక్షరం కనపడదు. అప్పుడు దొండాకు నూరి, ఆ పసరులో దీపపు మసి కలిపి ఆకంతా పూస్తాం. కాసేపు ఆగి గుడ్డతో తుడిస్తే మసి గీతల్లో మాత్రం నిలబడి, అక్షరాలు నల్లగా తేలుతాయి. దీన్ని మా ఇంట్లో పుస్తకానికి కళ్లు తెరిపించడం అనేవాళ్లం. పసరు పెట్టనిది గుడ్డి పుస్తకమన్నమాట. ఈ మాట అత్తయ్య ఎదురుగా కూడా ఏమీ ఆలోచించకుండా అనేసేవాళ్లం.

అత్తయ్య మా నాన్నగారి చెల్లెలు. ఊహ తెలియని వయసులో పెళ్లయింది. కాపురానికి వెళ్లకముందే ఆ కుర్రవాడు పోయాడు. మరుసటేడే ఊళ్లో అమ్మవారు పోసింది. అత్తయ్యకి ఒళ్లంతా పోసి, ప్రాణం మిగిల్చి, రెండు కళ్లూ పట్టుకుపోయింది. అప్పటికి ఆవిడకి పదేళ్లుట. అంతకుముందు తాతయ్య పక్కన కూచుని, ఆయన రాస్తుంటే చూసి చూసి, అక్షరాలన్నీ పోల్చుకోవడం వచ్చేసింది. ఆడపిల్లకి ఎవరూ పలక పెట్టి నేర్పింది కాదు. వచ్చేసింది, అంతే.

కళ్లు పోయిన కొన్నాళ్లకి, తాతయ్య రాసి ఇంకా పసరు పెట్టకుండా ఆరవేసిన ఆకులు ఆవిడ చేతికి తగిలాయిట. తీసి పక్కన పెట్టబోతూ వేలు ఒకచోట ఆగింది. "నాన్నగారూ, ఇది మకారం కదండీ" అందిట. ఈ సంగతి తాతయ్య నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ అక్కడికి వచ్చేసరికి చెప్పడం ఆపేసేవారు. కాసేపు ఘంటం మొనను చూసుకుంటూ కూచుని, మళ్లీ పనిలో పడేవారు.

ఆ రోజు నుంచి ఆయన ఆవిడ కోసం విడిగా రాయడం మొదలుపెట్టారు. దళసరి ఆకులు ఏరి, పెద్ద అక్షరాలతో, గీత లోతుగా తెగేటట్టు నొక్కి రాసేవారు. మొదట శ్లోకాలు రాసిచ్చారుట. అవన్నీ ఆవిడకి అప్పటికే నోటికొచ్చు. నోటికొచ్చినదాన్ని వేలితో చదువుకోవడంలో ఏముంది, నాకు తెలియనిది రాయండి అని అడిగిందిట. తెలియనిది అంటే ఏమిటా అని తాతయ్య రెండు రోజులు ఆలోచించి, చివరికి తన కంటికి కనపడ్డవి రాయడం మొదలుపెట్టారు.

నెలకో, రెండు నెలలకో ఒక ఆకు. ఏళ్ల తరబడి రాశారు. ప్రతి ఆకూ 'అమ్మాయీ' అని మొదలయ్యేది. అమ్మాయీ, ఇవాళ గోదావరికి ఎర్రనీళ్లొచ్చాయి, పొద్దున్న ఒడ్డు దగ్గర ఎరుపు, నడి ఏట్లో తెలుపు, సాయంత్రానికి రెండూ కలిసిపోయాయి. అమ్మాయీ, అంతర్వేది తీర్థానికి పడవలు వెళుతున్నాయి, ఒక పడవలో బెస్తవారి పిల్ల తెరచాప తాడు పట్టుకుని నిలబడే అన్నం తింటోంది. అమ్మాయీ, మీ వదిన కొత్త చీర కట్టుకుంది, చిలకాకుపచ్చ అని చెప్పుకుంటోంది గాని నాకు ఎండుగడ్డిలా కనపడింది, నువ్వు అనకు. ఇలా ఉండేవి. నాకు అప్పట్లో ఇవేవీ తెలియవు. పెరటి వసారాలో అత్తయ్య తనలో తను నవ్వుకోవడం వినపడితే, అమ్మ వంటింట్లోంచి "మళ్లీ మావయ్యగారు ఏదో రాసేరు" అనేది. ఆ నవ్వు ఎండుగడ్డి చీర గురించని పాపం అమ్మకి తెలియదు.

ఒక్క ఆకు సంగతి మాత్రం అప్పుడే తెలిసింది. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టి మా లంకలకి కాలవలు తవ్విస్తున్న రోజులు. తాతయ్య పనిగట్టుకుని పడవ మీద గన్నవరం వెళ్లి చూసొచ్చి, గోదావరి మీద వంతెన కట్టి దాని మీదుగా కాలవ పారిస్తున్నారని, కింద నీళ్లూ మీద నీళ్లూ అని రాశారు. అత్తయ్య నమ్మలేదు. తండ్రి వేళాకోళమాడుతున్నారనుకుని నన్ను పిలిచి, తాతయ్యతో వెళ్లేవు కదా, నిజంగా చూసేవా అని ఒట్టు వేయించుకుంది. చూశానన్నాను. నీళ్ల మీద నీళ్లా అని రెండుసార్లు అనుకుని, మళ్లీ ఆ ఆకు తీసి ఆ పంక్తి మీదే వేలు పెట్టుకుని కూచుంది.

అందరికీ ఈ ముచ్చట నచ్చలేదు. ముండమోసినదానికి చదువేమిటని వీధిలో అనేవాళ్లున్నారు. కళ్లు లేనిదానికి పుస్తకమేమిటని నవ్వేవాళ్లున్నారు. నాన్నగారు పైకి ఏమీ అనకపోయినా, నలుగురూ వచ్చినప్పుడు ఆ పుస్తకం లోపల పెట్టమనేవారు. వాళ్ల మీద నాకు ఇప్పటికీ మంటే. కాని వాళ్లెవరూ ఆవిడ పుస్తకాన్ని ఏమీ చెయ్యలేదు. ప్రేమ ఉన్నవాణ్ణి, నేనే చేశాను.

నాకు పదహారేళ్లప్పుడు భాద్రపద మాసంలో తాతయ్య పోయారు. ఆ ఏడాది అత్తయ్య పుస్తకాన్ని వదలలేదు. కొత్త ఆకు రాదు కదా, పాతవే మొదట్నుంచి చివరిదాకా, మళ్లీ మొదట్నుంచి. ఏడుస్తూ చదివేది కాదు. మధ్య మధ్య నవ్వేది కూడా. అమ్మ ఒకసారి, ఎన్నిసార్లు చదువుతావమ్మా అని అడిగింది. చదువుతున్నంతసేపూ నాన్నగారు పక్కనే కూచుని చెబుతున్నట్టుంటుంది వదినా అంది అత్తయ్య. నేను ఆ మాట విన్నాను. విని కూడా నాకు బోధపడలేదు.

ఏడాది సూతకమని ఆ సంవత్సరం నవరాత్రుల్లో పుస్తకాల పూజ చెయ్యలేదు. మరుసటేడు సంవత్సరీకం అయ్యాక వచ్చిన పూజ నా చేతికొచ్చింది. మూలా నక్షత్రం నాటికి పుస్తకాలన్నీ దింపి, నిమ్మగడ్డి నూనెతో తుడిచి, పీట మీద పేర్చాలి. ఆ రోజు నుంచి విజయదశమి దాకా ఎవరూ పుస్తకం ముట్టుకోకూడదు. దశమి పొద్దున్న ఎవరి పుస్తకం వాళ్లు తీసి నాలుగు పంక్తులు చదివితే ఆ ఏడాదంతా చదువు సాగుతుందని మాకు నమ్మకం.

పూజకి ముందురోజు అత్తయ్య తన పుస్తకం నా చేతిలో పెట్టింది. అన్నేళ్లలో దాన్ని ఎప్పుడూ పూజలో పెట్టనివ్వలేదు, నాలుగు రోజులు చదవకుండా ఉండాలని. "మీ తాతయ్య లేని పూజరా ఇది. ఈసారి నాది కూడా పీట మీద పెట్టు. బాగా తుడిచి పెట్టు నాయనా" అంది.

తుడవడం అన్న మాటకి మా వృత్తిలో రెండర్థాలున్నాయి. దుమ్ము పోయేటట్టు నూనెగుడ్డతో ఒత్తడం ఒకటి. పసరు పెట్టాక మసి తుడిచి అక్షరం తేల్చడం ఇంకొకటి. ఫలానా పుస్తకం తుడవడం అయిందా అంటే కళ్లు తెరిపించడం అయిందా అనే. ఆవిడ ఏ అర్థంలో అందో చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. నేను నాకు కావలసిన అర్థం తీసుకున్నాను. అడిగి ఉండవచ్చు. పది అడుగుల దూరంలో వసారాలోనే ఉంది. అడగలేదు.

ఎందుకు అడగలేదో కూడా చెప్పాలి. అప్పుడే నా మొదటి నకలు పూర్తి చేసి ఇచ్చాను. కొత్తపేట నుంచి వచ్చిన పెద్దాయన దాన్ని తిప్పి చూసి, తాతగారి చెయ్యి మనవడికి వచ్చిందండీ అని నలుగురిలో అన్నారు. దాంతో నాకు కొమ్ములొచ్చాయి. కళ్లు తెరవని పుస్తకాన్ని సరస్వతి ముందు ఎలా పెట్టడమని నాకు నేనే ఒక శాస్త్రం కల్పించుకున్నాను. తాతయ్య చేతిరాత ఇన్నేళ్లు చీకట్లో పడి ఉంది, దాన్ని నేను బయటికి తెస్తున్నానని పొంగిపోయాను. వీటన్నిటి కిందా ఇంకొకటి ఉంది. అందులో ఏముందో చూడాలని ఆశ. అత్తయ్య నవ్వులన్నీ దేని గురించో తెలుసుకోవాలని చిన్నప్పట్నుంచీ ఆశ.

ఆ మధ్యాహ్నం పెరటి పాదు నుంచి దొండాకు కోసి నూరాను. దేవుడి గూట్లో మసి గీకాను. గీతలు బాగా లోతుగా ఉన్నాయి కదా, రాలిపోకుండా నిలబడాలని తుమ్మబంక కూడా కలిపాను. అంత శ్రద్ధగా చేశాను. మొదటి ఆకు మీద పూసి తుడవగానే 'అమ్మాయీ' అన్న మాట నల్లగా పైకి లేచింది. తాతయ్య గొంతు విన్నట్టే అయింది. ఒక్కొక్క ఆకూ పూస్తూ, తుడుస్తూ, చదువుకుంటూ, పొద్దుగూకేలోగా పుస్తకమంతా పూర్తి చేశాను. చివరి ఆకుల్లో పంక్తులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కిపోయి ఉన్నాయి. తాతయ్యకి చూపు మందగించిందని మాకెవరికీ తెలియకముందే అత్తయ్యకి తెలుసునని అప్పుడు తెలిసింది. ఆవిడ ఎవరితోనూ అనలేదు.

పూజయింది. దశమి దాకా ఆగాలి. ఆ మూడు రోజులూ నేను గాలిలో నడిచాను. అత్తయ్య ఎదురుపడినప్పుడల్లా నవ్వొచ్చేది. దశమి నాడు పుస్తకం చేతికివ్వగానే ఎంత సంతోషిస్తుందో, ఇక ఇంట్లో అందరం ఆవిడ పుస్తకం చదవగలం కదా అని ఊహించుకునేవాణ్ణి. ఆవిడ మాత్రం వేళ్లు ఒళ్లో పెట్టుకుని, ఇంకెన్నాళ్లురా అని అడిగేది.

దశమి పొద్దున్న స్నానాలయ్యాక అందరం పీట చుట్టూ కూచున్నాం. నేను ముందుగా అత్తయ్య పుస్తకం తీసి ఆవిడ చేతుల్లో పెట్టాను. ముడి విప్పింది. మొదటి ఆకు మోకాలి మీద పెట్టుకుని వేలు ఆనించింది. వేలు జారిపోయింది. మళ్లీ ఆనించింది. ఆకు చివరిదాకా వేలు ఎక్కడా ఆగలేదు, చప్పుడు కాలేదు. ఆవిడ ఆకులు మూసేసి పుస్తకం నా వైపు చాపింది.

"ఇది ఎవరిదోరా. నాది ఇయ్యి" అంది.

నాకు అప్పటికీ తెలియలేదు. నీదే అత్తయ్యా అన్నాను. ఆవిడ మళ్లీ తీసి, ఇంకో ఆకు, మరో ఆకు తడిమి చూసింది. పుస్తకం పైన కట్టిన చెక్క అంచున తాతయ్య చెక్కిన గుర్తు మీద బొటనవేలు ఆగింది. తనదే. అప్పుడు వేలికొస ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. దొండాకు పసరు, మసి. పుట్టిన దగ్గర్నుంచి ఎరిగిన వాసన.

"కళ్లు తెరిపించేవా" అంది.

"ఆయ్" అన్నాను.

అత్తయ్య నా చెయ్యి వెతికి పట్టుకుని, "మంచి పనే చేసేవు నాయనా" అంది. పుస్తకం మూసి, తాడు మునుపటిలాగే చుట్టి, ఒళ్లో పెట్టుకుని కూచుంది. నాన్నగారు వేదంలోంచి ఏదో పనస చెప్పడం మొదలుపెట్టారు. ఆయన గొంతు వణికింది. పుస్తకాలంటే గిట్టని మనిషి గొంతు అలా వణకడం నేను ఆ ఒక్కసారే విన్నాను. అప్పుడు నాకు అర్థమైంది.

ఆవిడ నన్ను తిడితే బాగుండేది. చెయ్యి చేసుకుంటే ఇంకా బాగుండేది. ఆ సాయంత్రం నుంచి నేను ఆ మసి తియ్యడానికి నానా పాట్లూ పడ్డాను. నీళ్లతో తడిపిన గుడ్డ, నూనె, కుంకుడు రసం, ఏదీ పనిచెయ్యలేదు. నేనే కలిపిన తుమ్మబంక, నేనే పట్టించిన మసి, నాలుగు రోజులు ఆరి గీతల్లో రాయిలా బిగుసుకుపోయాయి. చీపురుపుల్ల చెక్కి ఒక అక్షరంలో గీకబోతే ఆకు చీలింది. ఆ చప్పుడు విని అత్తయ్య వచ్చి, ఇంక ముట్టుకోకు అని పుస్తకం తీసేసుకుంది. ఆవిడ నాతో కాస్త కటువుగా అన్న మాట అదొక్కటే.

సరే, నేను చదివి వినిపిస్తానన్నాను. ఒప్పుకుంది. మధ్యాహ్నాలు వసారాలో కూచుని చదివేవాణ్ణి. ఎర్రనీళ్లు చదివాను, పడవలు చదివాను. వింటూ ఊఁ కొట్టేది గాని నవ్వు రాలేదు. ఒకరోజు చదువుతూ చదువుతూ ఒక ఆకు దగ్గరికి వచ్చాను. అమ్మాయీ, మీ అమ్మ పోయిననాడు నేను ఏడవలేదని నువ్వు అనుకున్నావు, గోదాట్లో మునిగినప్పుడు ఏడ్చాను, నీళ్లలో ఎవరికీ తెలియలేదు అని ఉంది. చదివేసి తలెత్తి చూస్తే ఆవిడ ముఖం పక్కకి తిప్పుకుంది.

"ఇంక చాలురా. ఇవి నాన్నగారు నాతో అన్న మాటలు. నీ గొంతులో వినలేను" అంది.

ఆ రోజు నిశ్చయించుకున్నాను. దళసరి ఆకులు ఏరి తెచ్చి, ఉడకబెట్టి, ఆరబెట్టి, అంచులు కోసి, పుస్తకమంతా మళ్లీ రాయడం మొదలుపెట్టాను. తాతయ్య ఘంటంతోనే రాశాను. ఆయన నొక్కినంత లోతుగా నొక్కాను. వేళ్లు కాయలు కాచాయి. కార్తికంలో మొదలుపెడితే వైశాఖం వచ్చేసరికి పూర్తయింది. ఆ ఆరేడు నెలలూ ఇంకొకరి పని ఒప్పుకోలేదు. పంక్తికి పంక్తి, అక్షరానికి అక్షరం, చివర్లో ఆయన పంక్తులు ఎక్కడ ఎక్కిపోయాయో నేనూ అక్కడే ఎక్కించాను. పసరు పెట్టకుండా చెక్కలు కట్టి తీసుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టాను.

అత్తయ్య మొదటి ఆకు తీసింది. వేలు కదిలింది, చప్పుడయింది. ఏడు నెలల తరవాత ఆ చప్పుడు విని నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆకు పూర్తి చేసింది, రెండోది తీసింది, మూడోది కూడా. ఆవిడ ముఖంలోకే చూస్తున్నాను. ఏమీ మారలేదు.

"ఎలా ఉంది అత్తయ్యా" అన్నాను.

"బాగా రాసేవురా. తప్పుల్లేవు. అక్షరాలన్నీ ఉన్నాయి" అంది. తరవాత తనలో తను అనుకున్నట్టుగా, "నాన్నగారే లేరు" అంది.

అప్పుడు చెప్పింది. తాతయ్య మకారం చివర ఘంటాన్ని చిన్నగా ఎత్తి వదిలేవారుట, అక్కడ వేలికి ఒక నలుసు తగిలేదిట. సంతోషంగా ఉన్నరోజు గీతలు తేలిగ్గా పరిగెత్తేవిట. దిగులుగా ఉన్నరోజు సున్నా దగ్గర ఆగిపోయి, మళ్లీ మొదలయ్యేవిట. ఆవిడ ఇన్నాళ్లూ ఎర్రనీళ్లనూ పడవలనూ చదవలేదు. తండ్రి చెయ్యి పట్టుకుని కూచుంది. ఆ చేతినే నేను మసితో పూడ్చేశాను.

ఆ తరవాత కొన్నాళ్లకి చెన్నపట్నం నుంచి ఎవరో తెచ్చిన అచ్చుపుస్తకం ఒకటి మా ఇంటికి వచ్చింది. అక్షరాలన్నీ ఒకేలా, చక్కగా బారులు తీరి ఉన్నాయి. ముచ్చటపడి అత్తయ్య చేతికిచ్చాను. కాగితం అటూ ఇటూ నిమిరి, ఇది ఒట్టి కాగితం కదరా, ఇంకా ఎవరూ ఏమీ రాయలేదే అంది. నాన్నగారు పడీ పడీ నవ్వారు. అత్తయ్య కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అప్పటి నుంచి నాకు అచ్చుపుస్తకం చూస్తే ఒకరకమైన భయం. లోకమంతా అటే వెళ్లింది, నా వృత్తి దాని కిందపడి పోయింది, అయినా ఆ భయం పోలేదు.

అత్తయ్య ఇంకో పదకొండేళ్లు బతికింది. వత్తులు చెయ్యడం నేర్చుకుంది. ఆవిడ చేసినంత సన్నగా, సమంగా వత్తులు మా వీధిలో ఎవరూ చెయ్యలేకపోయేవారు. నేను రాసిచ్చిన పుస్తకం తలదగ్గరే ఉండేది. మధ్యాహ్నాలు దాన్ని చదివేది. ఆ చప్పుడు మళ్లీ వినపడుతుంటే, ఎంతో కొంత దిద్దుకున్నానని నా మనసు కుదుటపడేది. ఆవిడ పోయిన పదోరోజున, ఈ మాటే అమ్మతో అన్నాను. అమ్మ నా వైపు చూసి, చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి చెప్పింది.

"నువ్వింట్లో ఉన్నప్పుడే చదివేదిరా. నువ్వు ఊరెళితే ఒక్కరోజు కూడా తీసేది కాదు."

నకలు పూర్తయ్యాక పాతది గోదాట్లో కలపడం మా ఇంటి ఆచారం. నేను దాన్ని తిరగేశాను. నా నకలును ఆవిడ అస్థికలతోపాటు తీసుకెళ్లి అంతర్వేదిలో సాగరసంగమం దగ్గర వదిలేశాను. పడవవాడు, కొత్తపుస్తకంలా ఉందే, పొరపాటున వేసేస్తున్నారేమోనండీ అని ఆపబోయాడు. పొరపాటు అది కాదని చెప్పాను. తాతయ్య రాసిన పుస్తకం నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. నాకిప్పుడు అరవై దాటాయి. తుమ్మబంక ఎంత కలిపినా మసి కలకాలం నిలవదు. ఈ ఏడు నవరాత్రులకి పుస్తకం దింపి చూస్తే, ఆకుల మధ్య నల్లటి పొడి రాలి ఉంది. అక్షరాలు చాలాచోట్ల తెల్లబడిపోయాయి, గీతలు ఖాళీ అయి మళ్లీ తెరుచుకున్నాయి. మా కోడలు చూసి, మావయ్యగారూ, దొండాకు నూరమంటారా, మళ్లీ పసరు పెట్టుకోవచ్చు అంది. మంచి పిల్ల, తెలిసి అన్నది కాదు. వద్దమ్మా అన్నాను.

నాకూ చూపు తగ్గింది. తాతయ్యకి తగ్గినట్టే, సన్న అక్షరాలు ముందు పోయాయి. దశమి నాడు అందరూ తమ తమ పుస్తకాలు చదువుకుంటుంటే, నేను ఈ పుస్తకం తీసి వసారాలో కూచున్నాను. మొదటి ఆకు మోకాలి మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. వేలు ఆనించాను. అకారం తెలిసింది. దాని పక్కన మకారం, చివర చిన్న నలుసు. అత్తయ్య చెప్పినట్టే ఉంది.

నా వేలికి చదువు రాదు. ఆ తరవాతి పంక్తులన్నీ నాకు కంఠతా వచ్చు, అయినా వేలు వాటిని పట్టుకోలేకపోయింది. మళ్లీ మొదటికి వచ్చాను. ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం ప్రయత్నిస్తున్నాను. 'అమ్మాయీ' అన్న మాట దాటి ముందుకు పోలేకపోతున్నాను.